కొత్త లోడు దాణా పెట్టాక గుడ్లు తగ్గాయి, పెంకు పలచబడింది: బూజు విషమేనా?

కొత్తషెడ్
అందరికీ నమస్కారం. నావి లేయర్లు (గుడ్ల కోళ్లు), వయసు 42 వారాలు. దాణా బయట మిల్లు నుంచి పొడి రూపంలో కొంటాను. కొత్త లోడు మొదలుపెట్టిన తర్వాతి వారంలోనే గుడ్లు 91 శాతం నుంచి 84కి జారాయి. పెంకు పలచబడి ట్రేలలో పగుళ్లు పెరిగాయి. మేత తగ్గింది, సాయంత్రానికి తొట్టిలో మిగిలిపోతోంది. చావులు మాత్రం పెద్దగా లేవు. దాణాలో కంటికి బూజు లేదు, వాసనా మామూలుగానే ఉంది. మిల్లు వాళ్లను అడిగితే పరీక్ష కాగితం చూపించారు, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం 20 పీపీబీ (వంద కోట్ల పాళ్లలో 20 పాళ్లు) లోపే ఉంది. ఒకటే టెన్షన్. దీన్ని దాణా మీద పెట్టొచ్చా, లేక జబ్బేమైనా వచ్చిందంటారా?

బ్రాయిలర్_బాబాయ్
ముందు బైండర్ (విషాన్ని పట్టుకోడానికి దాణాలో కలిపే పొడి) డోసు రెండింతలు చెయ్యి తమ్ముడూ. కాపర్ సల్ఫేట్ కూడా కొంచెం కలుపు. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది.

కోళ్లడాక్టర్
బాబాయ్, ఏ విషమో తెలియకుండా బైండర్ పెంచితే ఉపయోగం ఉండకపోవచ్చు. కాపర్ సల్ఫేట్ అసలు వద్దు. ఎక్కువైతే అదే నోట్లో, గిజర్డ్‌లో (గింజలు నూరే కడుపులో) పుండ్లు పెడుతుంది, అప్పుడు ఏది దేనివల్ల వచ్చిందో తేల్చలేం.

కొత్తషెడ్ గారూ, కొన్ని ప్రశ్నలు. కొన్ని కోళ్లను పట్టుకుని నోరు తెరిచి చూడండి. నాలుక అంచున, అంగిట్లో, ముక్కు లోపలి అంచుల్లో పసుపు తెలుపు పొక్కులు గానీ, పొర కట్టిన పుండ్లు గానీ ఉన్నాయా? రెట్ట నీళ్లగా ఉందా? నీళ్లు తాగడం పెరిగిందా? ఈ మధ్య లైటింగ్ మార్చారా, టీకా వేశారా? చనిపోయిన కోడి దొరికితే పోస్టుమార్టం చేయించి కాలేయం, కిడ్నీల ఫొటోలు పెట్టండి.

పాతలేయర్
వాసన లేదంటున్నారు కదా, బూజు ఉంటే వాసన రాకుండా ఉంటుందా? నేను గింజను చేతిలో నలిపి చూసి చెప్పేస్తాను.

ల్యాబ్‌గది
అన్నా, మీ అనుభవాన్ని కాదనను, కానీ ఈ ఒక్క విషయంలో ముక్కును నమ్మకండి. బూజు వేరు, బూజు వదిలిన విషం వేరు. విషానికి రంగు, రుచి, వాసన ఏమీ ఉండవు. పొలంలోనే బూజు పెరిగి, విషం వదిలి, గింజ ఆరాక ఆ బూజు చచ్చిపోయి ఉండొచ్చు. అలాంటి గింజ మరపట్టాక మెరుస్తూ కనబడుతుంది, విషం మాత్రం అలాగే ఉంటుంది. ఇంకోవైపు పచ్చగా బూజు పట్టిన దాణాలో విషం దాదాపు లేకపోవచ్చు కూడా. ఒకే జాతి బూజులోనూ కొన్ని రకాలు విషం తయారుచేస్తాయి, కొన్ని చేయవు. బూజు దాణా మంచిదని నా ఉద్దేశం కాదు. అందులో పోషకాలు తగ్గుతాయి, కోళ్లు సరిగా తినవు. విషం ఉందా లేదా అన్నది మాత్రం కంటితో తేలదు.

దాణామిల్లు
నేను మిల్లు నడిపేవాణ్ణే, వేరే మిల్లు లెండి. ఏ షెడ్‌లో గుడ్లు తగ్గినా ముందు మా మీదే పడతారు. లైటింగ్ తప్పు, నీళ్లు తప్పు, ఐబీ (ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే వైరస్ జబ్బు) టీకా తప్పు, ఇవేవీ చూడరు. ఆయన కాగితంలో 20 లోపు అని ఉంటే దాణా బాగున్నట్టే. యూరప్‌లో కోళ్ల దాణాకు అఫ్లాటాక్సిన్‌లో ముఖ్య రకమైన బీ1 పరిమితి 20. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా చిన్న కోళ్లకు 20 అన్నా, ఎదిగిన కోళ్లకు 100 దాకా ఒప్పుకుంటుంది.

కోళ్లడాక్టర్
మిల్లు గారూ, మీరు చెప్పిన అంకెలు సరైనవే. గుడ్లు తగ్గితే దాణా ఒక్కదాన్నే అనుమానించకూడదనీ ఒప్పుకుంటాను. పెంకు పలచబడటానికి ఐబీ ఉంది, ఈడీఎస్ (గుడ్లు పడిపోయే వైరస్ జబ్బు) ఉంది, సున్నం తక్కువ కావడం ఉంది, ఎండ ఉంది. అయితే ఆ కాగితం అఫ్లాటాక్సిన్ గురించి మాత్రమే చెబుతోంది. మిగతా విషాల గురించి అందులో ఏముంది?

కొత్తషెడ్
డాక్టర్ గారూ, చూశాను. పట్టుకున్న వాటిలో సగానికి పైగా నాలుక కొసన, ముక్కు లోపలి అంచున పసుపు తెల్లటి పొర ఉంది. గీకితే కింద ఎర్రటి పుండు. లైటింగ్ మార్చలేదు, ఈ మధ్య టీకా వేయలేదు. నీళ్లు మామూలే. నిన్న ఒకటి చనిపోతే కోయించాను. కాలేయం రంగు పెద్దగా మారలేదు, కిడ్నీలు వాయలేదు.

కోళ్లడాక్టర్
ఈ వివరాలు చాలా పనికొచ్చాయి. కోళ్లకు వచ్చే తడి మశూచి అనే వైరస్ జబ్బులో కూడా నోట్లో పొర వస్తుంది కాబట్టి జుట్టు మీద, కళ్ల చుట్టూ పొక్కులున్నాయేమో చూడండి. గొంతులోకి దిగిన పొర ఉందేమో కూడా చూడండి. విటమిన్ ఏ లోపంలోనూ, మరీ మెత్తగా ఆడిన దాణా నోటి అంచుల్లో అంటుకుపోయినా పుండ్లు వస్తాయి. ఇవేవీ కాకపోతే నా అనుమానం టీ-2 అనే మరో బూజు విషం మీద.

ఏ విషం ఎక్కడ దెబ్బకొడుతుందో క్లుప్తంగా చెబుతాను, చాలామందికి అన్నీ అఫ్లాటాక్సిన్‌గానే కనిపిస్తున్నాయి కాబట్టి.

అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని పట్టుకుంటుంది. కాలేయం పాలిపోయి పసుపెక్కుతుంది, కొవ్వు పట్టి పెళుసుగా అవుతుంది. రక్తం గడ్డకట్టడం మందగించి చర్మం కింద కమిలిన మచ్చలు వస్తాయి. గుడ్డు సైజు తగ్గుతుంది. రోగనిరోధక శక్తి పడిపోయి టీకా వేసినా టైటర్ (రక్తంలో యాంటీబాడీల స్థాయి) రాదు. చాలా ఫారాల్లో అసలు నష్టం ఇదే, కోడి చచ్చేది వేరే జబ్బుతో, దారి తెరిచింది మాత్రం దాణా. ఓక్రాటాక్సిన్ కిడ్నీల మీదికి పోతుంది. అవి వాచి పాలిపోతాయి, నీళ్లు ఎక్కువ తాగుతాయి, లిట్టర్ (షెడ్ నేల మీద పరిచే పొట్టు) తడిసిపోతుంది, ముదిరితే లోపలి అవయవాల మీద సున్నం చల్లినట్టు యూరిక్ ఆమ్లం పేరుకుంటుంది. టీ-2 తగిలిన చోటల్లా కణాలను కాల్చేస్తుంది, అందుకే నోట్లో పుండ్లు, మేత మానడం, ఈకలు సరిగా రాకపోవడం, లేయర్లలో పలచని పెంకు. వామిటాక్సిన్, జియరలెనోన్ పందుల్ని బాగా ఇబ్బంది పెడతాయి కానీ కోళ్లు వాటిని చాలావరకు తట్టుకుంటాయి.

బ్రాయిలర్_బాబాయ్
సరే డాక్టర్ గారూ, టీ-2 అనుకుందాం. అయినా బైండర్ దాన్ని పట్టుకోదా? డబ్బా మీద అన్ని టాక్సిన్లకూ పనిచేస్తుందని రాసి ఉంది.

ల్యాబ్‌గది
డబ్బా మీద చాలా రాస్తారు బాబాయ్. మనం వాడే బైండర్లలో ఎక్కువ శాతం మట్టి రకాలు, అంటే బెంటొనైట్, హెచ్‌ఎస్‌సీఏఎస్ లాంటివి. అఫ్లాటాక్సిన్ అణువు చదునుగా ఉంటుంది, మట్టి పొరల మధ్య చక్కగా దూరి అతుక్కుంటుంది. టీ-2 అలా దూరదు, దాని ఆకారం వేరు. ఓక్రాటాక్సిన్‌ను కూడా మట్టి అంతంతమాత్రంగానే పట్టుకుంటుంది. ఈస్ట్ కణాల గోడ నుంచి తీసిన రకాలు కొన్ని విషాల మీద కొంత పనిచేస్తాయి, విషాన్ని విడగొట్టే ఎంజైములు, సూక్ష్మజీవుల ఉత్పత్తులు వేరే తరగతి. కొనేముందు ఏ విషానికో అడగండి. ఒక్క పేరు చెప్పకుండా 'అన్నీ' అంటే అనుమానించండి.

కోళ్లడాక్టర్
బైండర్ ఎక్కువైతే ఇంకో చిక్కు కూడా ఉంది. మట్టి రకాలు మందుల్ని కూడా పట్టుకోగలవు. బెంటొనైట్ వాడేటప్పుడు టైలోసిన్ లాంటి మాక్రోలైడ్ మందులు కలిపి ఇవ్వొద్దని, కోళ్లకు రోబెనిడిన్ (పేగుల్లో వచ్చే కాక్సిడియోసిస్ జబ్బు మందు) కలిపి వాడొద్దని యూరప్ నిబంధనల్లోనే ఉంది. బ్రాయిలర్ దాణాలో కాక్సిడియోసిస్ మందు ఉంటుంది కదా, డోసు రెండింతలు చేసేముందు అది గుర్తుపెట్టుకోండి. బొగ్గుపొడి వాడేవాళ్లూ ఉన్నారు, అది విటమిన్లను కూడా ఊడ్చేస్తుంది.

పెరటికోళ్లు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు పెరట్లో కొద్ది కోళ్లే, రెండు బాతులు కూడా ఉన్నాయి. ఒక మూట మొక్కజొన్నకు బూజు పట్టింది. ఎండబెట్టి, వేయించి పెడితే సరిపోతుందా? లేదంటే బాతులకు పడేద్దామనుకుంటున్నా, అవి ఏదైనా తింటాయిగా.

ల్యాబ్‌గది
వద్దండీ, బాతులకు అసలే వద్దు! పెంపుడు పక్షుల్లో అఫ్లాటాక్సిన్‌కు అందరికంటే ముందు పడిపోయేది బాతుపిల్లలే. ఆ తర్వాత టర్కీలు. కోడే కాస్త గట్టిది. ఎండ, మంట బూజును చంపుతాయి, తేమను తీస్తాయి, విషాన్ని మాత్రం నమ్మదగినంతగా తగ్గించవు. అఫ్లాటాక్సిన్ పూర్తిగా విరగాలంటే 200 డిగ్రీల పైమాటే, అప్పటికి గింజ మాడి బొగ్గవుతుంది. గుళికల దాణా యంత్రంలో వేడి 70 నుంచి 90 డిగ్రీలే, కాబట్టి గుళిక చేసిన దాణా సురక్షితం అన్న నమ్మకం కూడా తప్పే. ఆ మూట పారేయండి. ఎత్తేటప్పుడు ముక్కుకు మాస్క్ కట్టుకోండి, ఆ దుమ్ము మనకూ మంచిది కాదు.

చరిత్ర_పిచ్చోడు
బాతులు, టర్కీలు అన్నారు కాబట్టి ఒక ముక్క. అసలు ఈ విషం బయటపడిందే టర్కీల వల్ల. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ పిల్లలు చచ్చిపోయాయి, బాతుపిల్లలు కూడా. అంటువ్యాధి అనుకున్నారు, ఏమిటో తెలియక 'టర్కీ ఎక్స్ జబ్బు' అని పేరు పెట్టారు. వెతగ్గా వెతగ్గా అన్ని ఫారాల్లోనూ కలిసింది ఒక్కటే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క. అందులో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు దొరికింది. ఆ పేరులోంచే అ, ఫ్లా తీసి అఫ్లాటాక్సిన్ అన్నారు. అతినీల లోహిత కాంతిలో నీలంగా మెరిసినవి బీ, ఆకుపచ్చగా మెరిసినవి జీ. బీ1, జీ1 అంటున్నాం కదా, ఆ అక్షరాలు ఆ రంగులవే.

పాతలేయర్
అంటే ఆ నీలం లైటు కొని గింజల మీద వేస్తే మనకే తెలిసిపోతుందన్నమాట?

ల్యాబ్‌గది
అలా కుదరదన్నా. మొక్కజొన్న మీద ఆ లైటు వేస్తే కనబడే పచ్చపసుపు మెరుపు అఫ్లాటాక్సిన్‌ది కాదు, అదే బూజు తయారుచేసే కోజిక్ ఆమ్లం నుంచి వచ్చేది. మెరిస్తే పరీక్షకు పంపమని సూచన, అంతే. మెరవకపోయినా ధీమా పడకూడదు.

కొత్తషెడ్ గారూ, నమూనా పంపబోతున్నారు కాబట్టి ఇది కాస్త ఓపిగ్గా చదవండి. ల్యాబ్ ఫలితాల్లో వచ్చే తేడాల్లో పెద్దవాటా యంత్రానిది కాదు, నమూనా తీసినవాళ్లదే. ఎందుకంటే విషం సంచి అంతా సమానంగా పరుచుకోదు, గుట్టగుట్టలుగా ఉంటుంది. లెక్క వేసి చూడండి. 20 పీపీబీ అంటే టన్నులో 20 మిల్లీగ్రాములు. బాగా పాడైన మొక్కజొన్న గింజ ఒక్కదానిలో 4 లక్షల పీపీబీ దాకా కనబడింది. ఆ గింజ బరువు 0.3 గ్రాములు అనుకుంటే, అదొక్కటి 5 కిలోల శుభ్రమైన గింజల్లో కలిసినా మొత్తం 24 పీపీబీ చూపిస్తుంది. గుప్పెడు తీస్తే ఆ గింజ వస్తుందా రాదా అన్నది అదృష్టం. వస్తే లోడంతా విషం, రాకపోతే లోడంతా బంగారం. రెండూ అబద్ధాలే.

అందుకని ఒక్క సంచి మూతి దగ్గర తీయకండి. చాలా సంచుల్లోంచి, పైన, మధ్యన, అడుగున, సంచిలో గుచ్చి తీసే గొట్టంతో కొంచెం కొంచెం తీసి ఒకచోట పోయండి. సైలో (దాణా నిల్వ చేసే పెద్ద డబ్బా) అయితే దాణా దిగుతున్నప్పుడు ధార మధ్యలోంచి కొంత కొంత విరామంతో పట్టండి. ఐదు కిలోలకు తగ్గకుండా పోగుచేసి, గింజలైతే మొత్తం మెత్తగా ఆడించి, బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ తగ్గించుకురండి. అప్పుడు ల్యాబ్‌కు అర కిలో చాలు. తేమగా ఉంటే ప్లాస్టిక్ కవర్లో కట్టకండి, దారిలోనే బూజు పెరుగుతుంది. కాగితం సంచి గానీ గుడ్డ సంచి గానీ వాడండి. సగం నమూనా మీ దగ్గర ఫ్రిజ్‌లో దాచండి, రేపు మిల్లుతో మాట తేడా వస్తే అదే సాక్ష్యం.

పరీక్ష అడిగేటప్పుడు 'టాక్సిన్ టెస్ట్' అనకండి. అఫ్లా బీ1, ఓక్రా ఏ, టీ-2, ఫ్యుమొనిసిన్, డాన్ (వామిటాక్సిన్) అని పేరు పెట్టి అడగండి. ఎలైజా అనే కిట్ పరీక్ష అయినా సరే, వీలైతే ఎల్‌సీ-ఎంఎస్ అనే యంత్ర పరీక్ష మంచిది, అన్నీ ఒకేసారి వస్తాయి.

దాణామిల్లు
మా దగ్గర తేమ మీటరు, అఫ్లా స్ట్రిప్పులు ఉన్నాయి, లారీ లారీకి చూస్తాం. టీ-2 మాత్రం చూడం, నిజమే. వేడి ప్రాంతపు గింజలో అఫ్లానే ముఖ్యం అంటారు కదా అని.

కోళ్లడాక్టర్
ఆ మాట చాలావరకు నిజమే. ఫ్లేవస్ బూజుకు వేడి కావాలి, 25 నుంచి 37 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. పొలంలో నీటి ఎద్దడితో దెబ్బతిన్న పంట, పురుగు తొలిచిన కంకి, గోదాములో 14 శాతం దాటిన తేమ, ఇవి దానికి ఆహ్వానాలు. టీ-2 తయారుచేసే ఫ్యుసేరియం జాతులకు చల్లదనం, తడి కావాలి. కోతకు ఆలస్యమై చల్లటి ముసురులో పొలంలోనే నిలిచిన పంటలో అది వస్తుంది. మొక్కజొన్న ఇవాళ ఎక్కడెక్కడి నుంచో వస్తోంది కాబట్టి మిల్లు ఎక్కడుందన్నది కాకుండా గింజ ఎక్కడ పండింది, ఎప్పుడు కోశారన్నది అడగాలి. ఇథనాల్ పిప్పి వాడుతుంటే ఇంకా జాగ్రత్త. పిండి పదార్థం పులిసిపోయి మిగిలినదే పిప్పి, అందుకే గింజలో ఉన్న విషం అందులో సుమారు మూడింతలు చిక్కబడుతుంది.

దాణామిల్లు
పిప్పి వాడతాం. ఈ మూడింతల సంగతి మా కొనుగోలు అబ్బాయికి చూపిస్తాను. ప్రొపియోనిక్ ఆమ్లం మాత్రం తప్పకుండా కలుపుతాం.

ల్యాబ్‌గది
మంచిదే, అది కొత్త బూజు పెరగకుండా ఆపుతుంది. అప్పటికే ఉన్న విషం మీద దానికి పట్టు లేదు. మీకు చవకైన ఉపాయం జల్లెడ. విరిగిన గింజలు, నుసి, పొట్టులోనే విషం ఎక్కువ పోగుపడుతుంది. దింపగానే జల్లించి ఆ నుసిని దాణాలో కలపకుండా పక్కన పెడితే చాలా భారం తగ్గుతుంది.

కొత్తషెడ్
నమూనా మీరు చెప్పినట్టే తీసి పంపాను. ఈలోగా ఆ లోడు ఆపేసి వేరే చోట కొన్న దాణా పెడుతున్నాను. రెండు సందేహాలు. ఈ గుడ్లు అమ్మొచ్చా? కోళ్లకు ఇంకేమైనా ఇవ్వాలా?

కోళ్లడాక్టర్
టీ-2 శరీరంలో త్వరగా విరిగిపోతుంది, గుడ్డులోకి చేరేది చాలా కొంచెం. అఫ్లాటాక్సిన్ కూడా గుడ్డులోకి వస్తుంది, అదీ స్వల్పమే, దాణా మార్చాక వారం పది రోజుల్లో పోతుంది. అయినా బీ1 మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రూఢి అయిన పదార్థం కాబట్టి, ఫలితంలో అఫ్లా ఎక్కువని వస్తే ఆ గుడ్ల సంగతి మీ పశువైద్యుడితో మాట్లాడాకే తేల్చండి. కోళ్లకు విరుగుడు మందంటూ లేదు. చెడ్డ దాణా ఆపడమే వైద్యం. విటమిన్ ఇ, సెలీనియం, విటమిన్ ఏ, డి3 నీళ్లలో ఇవ్వండి. అఫ్లా తేలితే మాంసకృత్తులు, మెథియోనిన్ పెంచితే కాలేయానికి ఆసరా. నోరు నొప్పిగా ఉంటుంది కాబట్టి దాణాను మరీ మెత్తగా ఆడించకండి.

పాతలేయర్
సైలో మాట ఎవరూ ఎత్తలేదు. రాత్రి చల్లబడితే సైలో పైకప్పు లోపల నీటి బొట్లు కడతాయి, గోడలకు దాణా అట్టలు కడుతుంది. కొత్త లోడు ఆ అట్టల మీదే పోస్తాం. నేనైతే సైలో ఖాళీ అయ్యేదాకా కొత్త లోడు పోయనివ్వను, కర్రతో కొట్టి అట్టలు రాల్చి, ఆరబెట్టాకే. కోళ్లు నీళ్లు తాగే నిపుల్ కారుతున్న చోట తొట్టి అడుగున తడి దాణా పులుస్తూ ఉంటుంది, అది రోజూ తీయించాలి. మిల్లు నుంచి శుభ్రంగా వచ్చినదాన్ని మనమే పాడుచేసుకునేది ఇక్కడే.

బ్రాయిలర్_బాబాయ్
అన్నా, ఇది నూటికి నూరు పాళ్లు. పోయినసారి నా పిల్లలు ఆయాసపడి చచ్చిపోతే కూడా దాణా విషమే అనుకున్నా, ఊపిరితిత్తుల్లో తెల్లటి గింజల్లాంటివి ఉన్నాయి.

కోళ్లడాక్టర్
అది ఆస్పర్జిల్లోసిస్ అయి ఉంటుంది బాబాయ్. బూజు పట్టిన లిట్టర్ లేదా హేచరీ నుంచి బీజాలు పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. బూజే ఒంట్లో పెరుగుతుంది. దాణాలో విషం కథ వేరు, దానికి బూజు బతికి ఉండాల్సిన పని కూడా లేదు.

కొత్తషెడ్
ఫలితం వచ్చింది. అఫ్లా బీ1 11 పీపీబీ. ఓక్రా గుర్తించదగ్గంత లేదు. టీ-2 మాత్రం 1 పీపీఎం (అంటే వెయ్యి పీపీబీ) దాటింది. జుట్టు మీద మశూచి పొక్కులు లేవు. కొత్త దాణాకు మేత మళ్లీ పుంజుకుంది, నోటి పుండ్లు మానుతున్నాయి, పెంకు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. మిల్లుకు ఫలితం పంపితే మొదట 'మా కాగితం చూశారుగా' అన్నారు. దాచిన సగం నమూనా వాళ్ల ఇష్టమొచ్చిన ల్యాబ్‌లో చేయించుకోమన్నాక మాట మారింది. మిగిలిన సంచులు వెనక్కి తీసుకుంటామన్నారు.

కోళ్లడాక్టర్
కాగితం అబద్ధం కాదు, అడగని ప్రశ్నకు జవాబు అందులో లేదు, అంతే. ఒకటి గమనించండి. 11 పీపీబీ అఫ్లా ఒంటరిగా పెద్ద విషయం కాదు గానీ టీ-2తో కలిస్తే రెండూ ఒకదానికొకటి బలమవుతాయి. కాబట్టి ఆ సంచుల్ని మంచి దాణాలో కొంచెం కొంచెం కలిపి ఖర్చు చేసే ఆలోచన వద్దు. వాళ్లు వెనక్కి తీసుకుని ఇంకొకరికి పంపకుండా, ఏం చేస్తారో రాతపూర్వకంగా అడగండి.

దాణామిల్లు
మేమూ టీ-2 చూడటం మొదలుపెడతాం. ఇప్పుడున్న స్ట్రిప్ రీడరుకు ఆ కిట్ సరిపోతుందా? కలిపిన దాణాలో చూడాలా, గింజలోనా?

ల్యాబ్‌గది
రీడరు ఏ కంపెనీదో ఆ కంపెనీ కిట్టే వాడండి, వేరేది పెడితే అంకెలు కుదరవు. గింజలోనే చూడండి. ఆ కిట్లు ఎక్కువగా మొక్కజొన్న, గోధుమల మీద సరిచూసి అమ్ముతారు. కలిపిన దాణాలో ఉండే ఖనిజాలు, నూనె, రంగు వల్ల గీత తప్పుగా పడొచ్చు. పైగా గింజలో దొరికితే లారీ దింపకుండానే తిప్పి పంపొచ్చు. చల్లటి ముసురులో కోసిన సరుకు, పిప్పి, ఈ రెంటికీ ముందు పెట్టండి, మిగతావి తర్వాత.